ముందు వెలిగేవి లెక్కపెట్టండి

డిసెంబరులో ఢిల్లీకి సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. ఆఫీసు వదిలేసరికే చీకటి. గుర్గావ్ నుంచి నోయిడాకో, ద్వారక నుంచి ఇందిరాపురానికో ఇంటిదారి పట్టినవాళ్లకు ఆ నెలల్లో దారి పొడవునా హెడ్‌లైట్లు వెలగాల్సిందే. పొద్దున్నే పొగమంచు కమ్మితే మళ్లీ వెలగాల్సిందే. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా దాకా 165 కిలోమీటర్లున్న యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మామూలు రోజుల్లో కార్లకు గంటకు 100 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. డిసెంబరు 15 నుంచి ఫిబ్రవరి 15 వరకు దాన్ని 75కు తగ్గించడం కొన్నేళ్లుగా ఆనవాయితీ. ముందున్న లారీ వెనక భాగం కనబడేసరికే బ్రేకు తొక్కే దూరం చాలక జరిగిన ప్రమాదాలే అందుకు కారణం. సరిగ్గా అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం, బేస్‌మెంటు పార్కింగులో మీ ఎస్‌యూవీ ఎక్కి లైటు స్విచ్ తిప్పుతారు. ఎదురుగా గోడ నల్లగానే ఉంటుంది.

అప్పుడు మన నోట వచ్చే మొదటి మాట గురించే ఈ అధ్యాయం.

కొందరు ‘బల్బు పోయింది’ అంటారు. కొందరు ‘స్విచ్ పోయింది’ అంటారు. కొంచెం లోకం చూసినవాళ్లు ‘ఎలుకలు వైర్లు కొరికేశాయి’ అంటారు. మూడూ తీర్పులే. విచారణ ఇంకా మొదలే కాలేదు. ఈ పుస్తకంలో ఇంతకుముందు పనులు వాయిదా వేసే అలవాటును బాగా తిట్టుకున్నాం. మనిషి నిశ్చింతగా వాయిదా వేయదగ్గది ఒకటుంది, అది తీర్పు. పది నిమిషాలు వాయిదా వేస్తే చాలు, చాలాసార్లు కొన్ని వేల రూపాయలు జేబులోనే ఉంటాయి. కొత్త స్విచ్ కొని తగిలించాక కూడా లైటు వెలగక, చివరికి లోపం చిన్న ఫ్యూజులో దొరికిన కథలు ఏ ఆటో ఎలక్ట్రీషియన్‌ను అడిగినా చెబుతాడు.

చెడిపోయినదాని కోసం వెతకడం కష్టం. అది ఎక్కడో లోపల దాక్కుని ఉంటుంది. పనిచేస్తున్నవి మాత్రం ఎదురుగానే కనబడతాయి. వాటిని లెక్కపెట్టుకుంటూ పోతే, వెలిగిన ప్రతి దీపం ఒక అనుమానితుణ్ణి నిర్దోషిగా వదిలేస్తుంది. చివరికి మిగిలినవాణ్ణి పట్టుకోవడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు.

కరెంటు నడిచే దారి

దారి తెలియకుండా దొంగను పట్టలేం కాబట్టి ముందు దారి చూద్దాం. బ్యాటరీలో బయల్దేరిన కరెంటు ఫ్యూజు దాటి, స్విచ్ దాటి, బల్బులో కాలి, బండి బాడీకి బిగించిన ఎర్త్ ద్వారా తిరిగి బ్యాటరీకి చేరుతుంది. పాతతరం బండ్లు చాలావాటిలో అంతే. అంటే రెండు బల్బులకు కావలసిన కరెంటంతా డ్రైవరు చేతికింది స్విచ్‌లోంచే పోతుంది. తర్వాతి తరంలో మధ్యకు రిలే వచ్చింది. స్విచ్ చిన్నపాటి కరెంటుతో, దాదాపు ఆంపియరులో ఐదో వంతుతో, రిలేను కదిలిస్తుంది. అసలు బరువు రిలే మోస్తుంది. ఇప్పటి బండ్లలో స్విచ్ ఉట్టి కబురు చెప్పేదే. ‘అయ్యగారు లైట్లు అడుగుతున్నారు’ అని బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే డబ్బాకు చెబుతుంది. వెలిగించాలా వద్దా అన్నది ఆ డబ్బా చూసుకుంటుంది. మెకానిక్‌లు దాన్ని బీసీఎం అంటారు.

మీ బండి ఈ మూడింట్లో ఏ తరానిదో తెలియకపోతే ఓనర్స్ మాన్యువల్‌లో ఫ్యూజుల పేజీ తీయండి. హెడ్‌లైటు రిలే అని రాసి ఉంటే మొదటి తరం కాదు. ఈ పేజీని చదవకుండానే బండి అమ్మేసేవాళ్లే ఎక్కువ. అందులో లోబీమ్‌కు, హైబీమ్‌కు, కుడికి, ఎడమకు వేరువేరు ఫ్యూజులున్నాయో లేదో కూడా ఉంటుంది. ఈ ఒక్క సమాచారం సగం విచారణ.

స్విచ్ ఉండే చోటు కూడా బండిని బట్టి మారుతుంది. మారుతి, హ్యుందాయ్, మహీంద్రా బండ్లలో ఎక్కువగా స్టీరింగ్ కింద పొడుచుకొచ్చిన కాడ కొసను తిప్పుతాం. ఇండికేటరూ డిప్పరూ వైపరూ కలిసిన ఆ మొత్తాన్ని మార్కెట్‌లో కాంబినేషన్ స్విచ్ అంటారు. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బండ్లలో, ఫోర్డ్ ఎండీవర్, ఎకోస్పోర్ట్‌లలో డ్యాష్‌బోర్డు మీద గుండ్రటి నాబ్ ఉంటుంది. అక్కడ కూడా హైబీమ్, డిప్పర్ మాత్రం స్టీరింగ్ కాడ పనే. కాబట్టి ఆ బండ్లలో ‘లైటు స్విచ్’ అంటే రెండు వేరు వస్తువులు. దుకాణానికి వెళ్లేముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

గోడ ముందు పది నిమిషాలు

పనిముట్లేవీ వద్దు. బండిని గోడకు ఎదురుగా పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, స్విచ్‌ను మొదటి మెట్టుకు తిప్పండి. పార్కింగ్ లైట్లు, వెనక ఎర్ర లైట్లు, మీటర్ల వెనక వెలుగు వచ్చాయా? వస్తే స్విచ్‌లో మొదటి మెట్టు బతికే ఉంది. రాకపోతే ఫాగ్ ల్యాంపులు కూడా వెలగవు. చాలా బండ్లలో అవి పార్కింగ్ లైట్లు వెలిగితేనే వెలిగే ఏర్పాటు ఉంటుంది. ఇక్కడే కొందరు ‘హెడ్‌లైటూ పోయింది, ఫాగ్ ల్యాంపూ పోయింది, మొత్తం వైరింగే పోయింది’ అని బెంబేలెత్తుతారు. రెండూ ఒకే స్విచ్ మీద ఆధారపడి ఉన్నాయన్న సూచన అది. ఆ మాటకొస్తే శుభవార్త.

రెండో మెట్టుకు తిప్పండి. ఒక్క పక్కే వెలిగితే స్విచ్‌ను అక్కడికక్కడే వదిలేయండి. కుడి ఎడమ రెండింటికీ ఆజ్ఞ ఇచ్చేది ఒక్కటే స్విచ్ కాబట్టి, ఒక పక్క వెలిగిందంటే ఆజ్ఞ అందినట్టే. ఆ పక్క బల్బు, దాని ఫ్యూజు, వెనక తగిలించే కప్లర్, ఎర్త్ చూసుకోవాలి. రెండు పక్కలా చీకటైతేనే ఉమ్మడి దారిని అనుమానించాలి. దానికీ ఒక మినహాయింపు ఉంది. ఎడమ బల్బు దీపావళికే పోయి, ఎవరూ చూసుకోక, కుడిది క్రిస్మస్‌కు పోతే ‘రెండూ ఒకేసారి పోయాయి’ అనిపిస్తుంది. వీధి దీపాలు బాగా ఉన్న ఢిల్లీ రోడ్ల మీద ఒక పక్క లైటు లేకుండా వారాల తరబడి తిరగడం ఏమంత కష్టం కాదు.

ఇప్పుడు అన్నిటికంటే విలువైన పరీక్ష. స్విచ్‌ను ఆఫ్‌లో పెట్టి, కాడను మీ వైపు లాగి డిప్పర్ కొట్టండి. హైబీమ్ గోడ మీద మెరిసిందా? డిప్పర్ కరెంటు లైటు స్విచ్ మెట్లతో పనిలేకుండా వేరే దారిన పోతుంది. అది మెరిసిందంటే బ్యాటరీ, హైబీమ్ ఫ్యూజు, రిలే ఉంటే రిలే, బల్బులో హైబీమ్ ఫిలమెంటు, ఎర్త్ అన్నీ ఒక్క దెబ్బకు నిర్దోషులయ్యాయి. తర్వాత స్విచ్‌ను రెండో మెట్టులో పెట్టి, కాడను ముందుకు తోసి హైబీమ్‌ను నిలకడగా వెలిగించి చూడండి. డిప్పర్‌కు మెరిసిన అదే బల్బు ఇప్పుడు వెలగకపోతే, ఆ రెండు దారులకూ ముఖ్యమైన తేడా స్విచ్‌లోని హెడ్‌లైటు మెట్టు ఒక్కటే. వేలు అటే చూపించాలి. అలా కాకుండా హైబీమ్ నిలకడగా వెలిగి, లోబీమ్ మాత్రం రాకపోతే ప్రధాన స్విచ్ మంచిదే. లోబీమ్ ఫ్యూజు, లోబీమ్ రిలే, రెండు లోబీమ్ ఫిలమెంట్లు, హై నుంచి లోకు మార్చే కాంటాక్టు, ఈ నలుగురే మిగులుతారు. నలుగురిలో ముందు చవకైనవాణ్ణి విచారించాలి. ఫ్యూజు.

లైటు వెలిగీ వెలగనట్టు ఆడుతుంటే కాడను పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ కదిలించండి, నాబ్ అయితే మెట్టుకూ మెట్టుకూ మధ్య వణికించండి. కదలికకు తగ్గట్టు లైటు ఆడితే దోషం స్విచ్‌లో గానీ దాని వెనక కప్లర్‌లో గానీ ఉంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడే ఆరిపోతుంటే కప్లర్‌నో ఎర్త్‌నో ముందు చూడాలి. అరగంట నడిపాక స్టీరింగ్ కింద ప్లాస్టిక్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉన్నా, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా ఇంకో పరీక్ష అక్కర్లేదు. ఆ రాత్రి ఆ స్విచ్ వాడకండి.

లైటు ఆరనే ఆరకపోవడం ఇంకో రకం రోగం. రిలే ఉండి బీసీఎం లేని బండిలో స్విచ్ కప్లర్ ఊడదీసినా లైటు వెలుగుతూనే ఉంటే స్విచ్ నిర్దోషి, రిలేలో కాంటాక్టులు అతుక్కుపోయి ఉండాలి. అయితే తాళం వేశాక అరనిమిషం వెలిగి ఆరేది జబ్బు కాదు, ఇంటిదాకా దారి చూపించమని కంపెనీ పెట్టిన సదుపాయం. ‘ఆటో’ మెట్టున్న బండ్లలో పట్టపగలు లైట్లు వెలుగుతుంటే అద్దం కిందా డ్యాష్‌బోర్డు మీదా చూడండి. వెలుతురు కొలిచే చిన్న సెన్సర్ మీద హనుమంతుడి బొమ్మో, పార్కింగ్ స్లిప్పో, ఫోన్ స్టాండో కూర్చుని ఉంటుంది. దానికి లోకమంతా చీకటి. దేవుణ్ణి నాలుగంగుళాలు పక్కకు జరిపితే మెకానిక్ ఖర్చు తప్పుతుంది.

మీటరు పట్టుకుంటే

ఇక్కడినుంచి టెస్ట్ ల్యాంపూ, కొన్ని వందల రూపాయల మల్టీమీటరూ కావాలి. చాందినీ చౌక్ పక్కన భగీరథ్ ప్యాలెస్‌లోనో, ఎర్రకోట ఎదుట లాజ్‌పత్ రాయ్ మార్కెట్‌లోనో దొరుకుతాయి. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి గానీ ఆ సందుల్లో తిరగడంలో ఉన్న సరదా వేరు.

ముందు ఫ్యూజులు. ఎరుపు 10 ఆంపియర్లది, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. కాలిపోయిన ఫ్యూజు బదులు అంతకంటే పెద్దది పెట్టడం చాలామంది చేసే పని. అప్పుడు కాలవలసిన ఫ్యూజు కాలక వైరు కాలుతుంది. తర్వాత రిలే. ఒకరు స్విచ్ తిప్పుతుంటే ఇంకొకరు రిలే మీద వేలు పెట్టండి. చిన్నగా టిక్కుమంటే స్విచ్ కబురు రిలే దాకా చేరినట్టే. అప్పుడు లోపం రిలే కాంటాక్టుల్లోనో, దానికి అవతలో ఉంది. టిక్కు రాకపోతే అదే నంబరున్న హారన్ రిలేను తీసి ఇక్కడ పెట్టి చూడండి. అప్పటికీ మౌనమే అయితే స్విచ్ వైపు నడవండి.

స్విచ్ దగ్గర కొలవడంలో ఒక ఉచ్చుంది. మనందరి బుర్రలో స్విచ్ అంటే పాజిటివ్ తీగను తెంచి కలిపేది. జపాన్ వంశపు బండ్లు చాలావాటిలో అలా కాదు. బల్బుకు పాజిటివ్ ముందే అంది ఉంటుంది, స్విచ్ కలిపేది ఎర్త్ వైపును. అలాంటి బండిలో టెస్ట్ ల్యాంపు క్లిప్పు బాడీకి తగిలించి కప్లర్‌లో గుచ్చితే, స్విచ్ చచ్చి ఉన్నా ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటుతో ల్యాంపు వెలుగుతుంది. చూసినవాడు ‘కరెంటు వస్తోంది, బల్బే పోయింది’ అని బల్బు మారుస్తాడు. ఎర్త్ వైపు స్విచ్చింగ్ ఉన్నచోట టెస్ట్ ల్యాంపు క్లిప్పును బ్యాటరీ పాజిటివ్‌కు తగిలించి పరీక్షించాలి. స్విచ్ ఎర్త్‌ను కలిపితేనే ల్యాంపు వెలుగుతుంది. ఏ బండి ఏ రకమో వైరింగ్ డయాగ్రమ్ చెబుతుంది. అది చేతిలో లేకుండా నిర్ణయానికి రావద్దు.

మల్టీమీటరులో బీప్ కొట్టే కంటిన్యుటీ పరీక్షను కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఆ బీప్‌కు అతి చిన్న కరెంటు చాలు. కాలి గుంటలు పడిన కాంటాక్టు కూడా మీటరుకు బీప్ ఇస్తుంది, 9 ఆంపియర్లు అడిగేసరికి చేతులెత్తేస్తుంది. రిలే లేని బండిలో స్విచ్‌ను లైట్లు వెలుగుతున్నప్పుడే కొలవాలి. మీటరును వోల్టుల్లో పెట్టి, ఒక కడ్డీ స్విచ్‌లోకి వచ్చే తీగకూ, ఇంకోటి స్విచ్‌లోంచి పోయే తీగకూ ఆనించండి. అర్ధ వోల్టు, అంతకంటే ఎక్కువ చూపిస్తే ఆ వోల్టులు దారిలోనే వేడిగా మారుతున్నాయని అర్థం. 0.2 లోపు ఉంటే స్విచ్ ఆరోగ్యంగా ఉంది. బీసీఎం ఉన్న బండిలో ఈ కొలతకు అర్థం లేదు. కొన్నిట్లో స్విచ్ ఒక్కో మెట్టుకు ఒక్కో రెసిస్టెన్సు చూపించి, ఒకే తీగ మీద కబురు పంపుతుంది. అక్కడ స్కానర్ తగిలించి, స్విచ్ తిప్పినప్పుడు తెర మీద మెట్టు మారుతోందో లేదో చూడాలి. మారుతూ ఉండి కూడా లైటు రాకపోతే స్విచ్ కొనకండి. బీసీఎంతో చేతి ప్రయోగాలు కూడా చేయకండి. ఆ పని తెలిసినవాళ్ల దగ్గరకు వెళ్లండి.

స్విచ్‌ను చంపేది ఎవరు

ఎప్పుడో ఒకప్పుడు అరిగిపోవడం ఏ స్విచ్‌కైనా తప్పదు. కానీ మన ఊళ్లలో స్విచ్‌లు ఆయువు తీరి పోయేకంటే హత్యకు గురయ్యేవే ఎక్కువని నా అభిప్రాయం. హంతకుడి పేరు 100/90.

రోడ్డు మీద వాడకానికి ఉద్దేశించిన హెచ్4 హ్యాలోజన్ బల్బు 60/55 వాట్లది. హైబీమ్ 60, లోబీమ్ 55. రెండు లోబీమ్‌లు కలిసి 110 వాట్లు, 12 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు. స్విచ్ కాంటాక్టు కొంచెం మాడి, ఓమ్‌లో పదో వంతు అడ్డు పెట్టిందనుకుందాం. కరెంటు వర్గాన్ని అడ్డుతో గుణిస్తే వేడి వస్తుంది. ఎనిమిది వాట్లకు పైనే. అగ్గిపెట్టెలో సగం లేని ప్లాస్టిక్ ముక్క లోపల ఎనిమిది వాట్ల వేడి. ఇప్పుడు యజమానికి ‘వెలుగు చాలడం లేదు’ అనిపించి 100/90 బల్బులు వేయిస్తాడు. లోబీమ్‌కు 15 ఆంపియర్లు. అదే కాంటాక్టులో వేడి 22 వాట్లు దాటుతుంది. కరెంటు ఒకటిన్నర రెట్లు దాటితే వేడి రెండున్నర రెట్లు దాటింది. ఢిల్లీ మే నెలలో ఎండలో నిలిపిన బండి లోపల ఆ ప్లాస్టిక్ ముందే వేడెక్కి ఉంటుంది.

ఇంకా విచిత్రమేమిటంటే, ఆయనకు వెలుగు చాలకపోవడానికి కారణం బల్బు కాదు. హ్యాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. పైన చెప్పిన పదో వంతు ఓమ్ అడ్డు దగ్గర దాదాపు 0.9 వోల్టు మాయమవుతుంది, దాంతో వెలుగులో ఐదో వంతు పోతుంది. రోగానికి పెద్ద బల్బు వేస్తే రోగం ముదురుతుంది. వెలుగు తగ్గిందనిపిస్తే బల్బు వెనక కప్లర్ దగ్గర వోల్టేజీ కొలవండి. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 ఉండి, బల్బు దగ్గర 12.5 ఉంటే, మిగతాది ఎక్కడ పోయిందో వెతకండి. రిలే లేని పాత బండికి మంచి వైరింగ్ కిట్‌తో రిలే వేయిస్తే స్విచ్ బతుకు పెరుగుతుంది, మామూలు బల్బే బాగా వెలుగుతుంది.

కరోల్‌బాగ్‌లో కారు సింగారాల దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీదే ఎల్‌ఈడీ కిట్లు బిగిస్తారు. అరగంటలో పని అయిపోతుంది. స్విచ్ సరిగా పనిచేయని బండికి అక్కడ దొరికే తక్షణ వైద్యం ‘డైరెక్ట్’ చేయడం. బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగి, డ్యాష్‌బోర్డు కింద చిన్న టోగుల్ బిగించేస్తారు. ఫ్యూజు ఉంటే ఉన్నట్టు. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు ఢిల్లీ పరిసరాల్లో తిరగకూడదన్న గ్రీన్ ట్రిబ్యునల్ ఆదేశాలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించాక ఈ వైద్యం ఇంకా పెరిగింది. ఎలాగూ అమ్మేసే బండికి అసలు స్విచ్ ఎందుకనిపిస్తుంది. ఆ తర్వాత నిబంధన ఎన్ని మలుపులు తిరిగినా ఈ ఆలోచన మాత్రం నిలిచిపోయింది. అలా అమ్మిన బండ్లలో కొన్ని ఎన్‌ఓసీ పుచ్చుకుని తెలుగు రాష్ట్రాలకూ చేరుతాయి. కాబట్టి హైదరాబాదులోనో విజయవాడలోనో ‘ఢిల్లీ బండి’ బేరం చేస్తున్నవాళ్లు బోనెట్ ఎత్తి, బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ మీద కంపెనీది కాని తీగ ఏదైనా కూర్చుందేమో చూసుకోవడం మంచిది.

కశ్మీరీ గేట్‌లో బేరం

నేరం స్విచ్‌దేనని తేలాక కొనాలి. ఢిల్లీలో అందుకు కశ్మీరీ గేట్. కారులో వెళ్లకండి, పార్కింగ్ దొరకదు. మెట్రో దిగితే మార్కెట్ దగ్గరే. ఎరుపు, పసుపు, ఊదా రంగుల మూడు లైన్లు అక్కడ కలుస్తాయి. ఆదివారం మూసి ఉంటుంది. 1857లో ఇంగ్లిషు సైన్యం పేల్చిన నగర ప్రాకారపు గుమ్మం పక్కనే ఇప్పుడు పిస్టన్లూ గేర్లూ హెడ్‌లైట్లూ అమ్ముతారు. నికల్సన్ రోడ్డు వైపు సందుల్లో ఒక్కో దుకాణం ఒక్కో కంపెనీ బండికి ప్రత్యేకం.

పాత స్విచ్ ఊడదీసి సంచిలో వేసుకెళ్లడం అన్నిటికంటే తెలివైన పని. దాని వెనక పార్ట్ నంబరు ఉంటుంది. ఒకే మోడల్‌లో ఫాగ్ ల్యాంపు ఉన్న వేరియంటుకు ఒక స్విచ్, లేనిదానికి ఇంకొకటి, ఆటో మెట్టున్నదానికి మరొకటి. ఫోనులో ఫొటో చూపిస్తే దుకాణదారు ‘సబ్ మే లగ్ జాయేగా’ అంటాడు. అన్నిటికీ సరిపోదు. కప్లర్‌లో పిన్నులు లెక్కపెట్టండి, గాడి ఆకారం పోల్చండి, కాడ మీద గుర్తులు పోల్చండి. ‘జెన్యూన్’ అంటే కంపెనీ డబ్బాలో వచ్చేది. ‘ఓఈ’ అంటే కంపెనీకి సరఫరా చేసేవాడే తన పేరుతో అమ్మేది. సరుకు చాలాసార్లు అదే, ధర తక్కువ. మనేసర్‌లో ప్రధాన కార్యాలయమున్న యూనో మిండా లాంటి సంస్థలు వాహన స్విచ్‌లు తయారు చేసేవే. ‘లోకల్’ అంటే ఇంకేదో. మిగతా విడిభాగాల్లో లోకల్‌తో రాజీపడవచ్చేమో గానీ, రాత్రిపూట కళ్లయిన వస్తువులో రాజీ వద్దు. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. జనరల్ మోటార్స్ 2017 చివరికి షెవర్లే అమ్మకాలు ఆపేసింది. ఇలాంటి బండ్లవాళ్లకు ఈ సందులు ఇంకా ఎక్కువ అవసరం. పాతసామాను స్విచ్ తప్పనిసరైతే కొనేముందు అక్కడే మీటరుతో ప్రతి మెట్టూ చూసుకోండి.

బిగించడం

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, తగలకుండా పక్కకు కట్టేయండి. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో కొంతసేపు కరెంటు నిలవుంటుంది. టీ తాగి రండి. పసుపురంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిలో మీటరు కడ్డీ గుచ్చకూడదు.

చక్రాలు తిన్నగా పెట్టి, స్టీరింగ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు కింద స్క్రూలు విప్పండి. పై తొడుగు, కింది తొడుగు విడిపోతాయి. బలం వాడకండి, గోళ్లతో అంచు వెంబడి వత్తుకుంటూ వస్తే క్లిప్పులు వదులుతాయి. చాలా బండ్లలో లైటు కాడ విడిగా వస్తుంది. రెండు స్క్రూలు విప్పి, కప్లర్ నాలుక నొక్కి లాగితే పక్కకు జారి వచ్చేస్తుంది, స్టీరింగ్ ముట్టుకోనక్కర్లేదు. మొత్తం ఒకే ముక్కగా వచ్చే బండిలో స్టీరింగ్ చక్రం తీయాలి. దాని వెనక క్లాక్ స్ప్రింగ్ అనే చుట్ట ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్‌కూ హారన్‌కూ తీగ దాని గుండానే పోతుంది. అది నడిమధ్యన ఉండగా టేపు వేసి కదలకుండా చేయకపోతే, తిరిగి బిగించాక మొదటి యూటర్న్‌లోనే తెగుతుంది. లైటు పని ఎయిర్‌బ్యాగ్ పనిగా మారేది అక్కడే. స్టీరింగ్ తీయాల్సిన బండి అయితే ఇంట్లో ఆ పని పెట్టుకోవద్దనే నేను చెబుతాను.

స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ నాబ్ కథ హాయిగా ఉంటుంది. చాలా మోడళ్లలో నాబ్‌ను సున్నా దగ్గర పెట్టి, లోపలికి నొక్కి, కొద్దిగా కుడికి తిప్పి, అలాగే బయటకు లాగితే మొత్తం స్విచ్ చేతిలోకి వస్తుంది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా దాన్ని ఊడదీస్తే లోబీమ్ దానంతటదే వెలగడం చూసి కంగారు పడకండి. స్విచ్ కబురు అందకపోతే చీకటిలో వదిలేయకుండా లైటు వేయమని మాడ్యూల్‌కు ముందే నేర్పారు. ఈ ఒక్క ఏర్పాటు చేసిన ఇంజనీరుకు నమస్కారం పెట్టాలి.

పాత స్విచ్ మాడి ఉంటే దాని కప్లర్‌ను వెలుతురులో చూడండి. ఒక పిన్ను గోధుమరంగుకు తిరిగి, ప్లాస్టిక్ ఉబ్బి ఉంటే కప్లర్ కూడా మార్చాలి. వదులైన పిన్ను కొత్త స్విచ్‌ను కూడా అలాగే కాలుస్తుంది. కొత్త స్విచ్ కొన్నాళ్లకే మళ్లీ పోయిందంటే చాలాసార్లు తప్పు కంపెనీది కాదు, ఈ పాత పిన్నుది. తొడుగులు బిగించేముందే బ్యాటరీ తగిలించి, ఎయిర్‌బ్యాగ్ దీపం మామూలుగా వెలిగి ఆరుతోందో చూసి, గోడ ముందు చేసిన పరీక్షలన్నీ అదే వరసలో మళ్లీ చేయండి. ఇండికేటరు, హారన్, వైపరు కూడా. వారంటీలో ఉన్న బండి అయితే ఇవేవీ చేయకుండా సర్వీస్ సెంటరుకు వెళ్లండి. తీగ కోసి అతికించినట్టు కనబడితే వారంటీ తిరస్కరించడానికి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది.

దారిలోనే ఆరితే

ఇంటి పార్కింగులో పోయే లైటు మర్యాదస్తురాలు. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద జేవర్ దాటాక పొగమంచులో పోయేది అలా కాదు. అప్పుడు రోడ్డు మీద ఆపి బోనెట్ ఎత్తకండి, వెనక వచ్చేవాడికి మీరు కనబడరు. పార్కింగ్ లైట్లు, ఫాగ్ ల్యాంపులు వెలుగుతుంటే అవి వేసి, హజార్డ్ లైట్లు కూడా వేసుకుని, ఎడమ లేన్‌లో మెల్లగా దగ్గరి టోల్ ప్లాజాకో హోటళ్లున్న చోటుకో చేరండి. కాడను లాగి పట్టుకుంటే హైబీమ్ వస్తుంది గానీ, మంచులో అది తెల్లగోడలా మీ కళ్లల్లోకే తిరిగి కొడుతుంది. మంచు లేని చీకటిలో మాత్రం కొద్ది దూరానికి పనికొస్తుంది. వెలుతురున్న చోటికి చేరాక ఫ్యూజు చూడండి, హారన్ రిలేతో మార్చి చూడండి. వీటిలో ఒకటి ఫలిస్తే ఇంటికి రావచ్చు. ఫలించకపోతే ఆ రాత్రికి ప్రయాణం అక్కడే ఆపాలి. కుండ్లీ నుంచి ఘజియాబాద్ మీదుగా పల్వల్ వెళ్లే ఈస్టర్న్ పెరిఫెరల్ లాంటి జాతీయ రహదారుల సంస్థ రోడ్ల మీద 1033కు ఫోను చేస్తే సాయం వస్తుంది. యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఆ సంస్థది కాదు. దాని హెల్ప్‌లైన్ నంబరు దారి పక్క బోర్డుల మీద ఉంటుంది, పగలు వెళ్లినప్పుడే ఫోనులో ఎక్కించుకోండి. ఎక్కడైనా పనిచేసేది 112. గ్లోవ్‌బాక్సులో మీ బండి హెడ్‌లైటు ఫ్యూజు రంగువి రెండు, రిలే ఒకటి, ఒక చిన్న టార్చి పెట్టుకుంటే ఈ పేరా అవసరం సగం తగ్గుతుంది.